నాలుగో అంతస్తు ఆయాసం

ముప్పై రెండేళ్లు లిఫ్టులో స్టూలు మీద కూర్చుని బటన్లు నొక్కిన మనిషికి పొట్ట రాక ఏమొస్తుంది? రిటైరయ్యాక డాక్టరు కళ్లెర్రజేశాడు. "పది కిలోలు తగ్గాలి. రోజూ మెట్లెక్కండి."

పాత ఆఫీసు మెట్లే ఎంచుకున్నాడాయన. ఏడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాలని లక్ష్యం పెట్టుకున్నాడు. ఆ మెట్లు ఆయనకి కొత్త. ఏడో అంతస్తులో పనిచేసిన టైపిస్టుకి మాత్రం కొట్టినపిండి. ఆవిడ ఏనాడూ లిఫ్టెక్కలేదు.

"ఎక్కండి మేడమ్, టికెట్టేం అడగన్లెండి" అనేవాడు.

"మెట్లే హాయండీ. నాలుగో అంతస్తులో కాసేపు ఆగుతాను, ఆయాసం" అనేది.

ఆవిడ ఉద్యోగం మాని వెళ్లిపోయి ఇరవై ఏళ్లు. మనసులో మాట చెప్పే ధైర్యం ఆఖరి రోజు కూడా ఆయనకి రాలేదు. పెళ్లీ చేసుకోలేదు.

మూడో వారంలో నాలుగో అంతస్తు చేరి, రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు. ఎదురుగా, ఈ ఒక్క అంతస్తులోనే, లిఫ్టు గోడకి ఇనుప జాలీ ఉంది. లిఫ్టులో కూర్చున్నన్నాళ్లూ అది ఆయన వీపు వెనకే ఉండేది. జాలీ అవతల లిఫ్టు మెల్లగా పైకొచ్చింది. అందులో తన స్టూలు చేతికందేంత దగ్గరగా కనబడింది.

నెలలు గడిచి పది కిలోలూ తగ్గాయి.

"ఇంకా నాలుగులోనే ఆగిపోతావేంట్రా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"ఆయాసమే" అన్నాడు.