వీధిలో అన్న మాట

ఆ వీధిలో అందరూ ఆయన్ని బైండరు బాబాయి అనేవారు. ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు వేసే పని ఆయనది. ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. భార్య స్కూల్లో ఆయా. పొద్దున్నే ఆమె చెప్పులేసుకుని బయల్దేరుతుంటే, తను గుమ్మంలో నిలబడి అన్నం డబ్బా అందించడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా పలకరిస్తే, ఏదో ఒకటి చూస్తున్నానని చెప్పేవాడు. ఏం చూస్తున్నాడో ఆయనకే తెలియదు.

అలాంటి రోజుల్లో, పాత ప్రెస్సు స్నేహితుడొకడు ఊరి చివర టర్కీ కోళ్ళు పెంచుతున్నాడని విని చూడ్డానికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు అట్టపెట్టె నిండా పిల్లల్ని తెచ్చుకున్నాడు. స్నేహితుడు గేటు దాకా వచ్చి ఒకటికి రెండుసార్లు చెప్పాడు, మామూలు కోళ్ళతో వీటిని కలపొద్దని, కోళ్ళు తిరిగిన నేల మీద కూడా వదలొద్దని. బాబాయి అలాగే అలాగే అన్నాడు గానీ ధ్యాసంతా పెట్టెలోని కిచకిచల మీదే ఉంది.

టర్కీ పిల్లలంత అమాయకపు ప్రాణులు ఉండవు. ఎదురుగా గింజలున్నా తినాలని తెలియదు, నీళ్ళున్నా తాగాలని తెలియదు. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని ముక్కు నీళ్ళలో ముంచి తాగడం నేర్పాడు. దాణా పళ్ళెంలో రంగు గోళీలు వేశాడు, మెరిసేవాటిని పొడవబోయి గింజ రుచి కనుక్కుంటాయని. ఉడికించిన గుడ్డు చిదిమి, అందులో ఆకుకూర సన్నగా తరిగి కలిపేవాడు. ఏళ్ళ తరబడి అట్టలు కోసిన చెయ్యి కదా, ఆకు దారప్పోగుల్లా తెగేది. చలికి అన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడితే ఊపిరాడక చస్తాయని, మూలల్లో అట్టముక్కలు గుండ్రంగా వంచి పెట్టి, పైన బల్బు వేలాడదీశాడు.

"మన పిల్లలకు ఒక్కనాడైనా ఇంత చేశావా?" అంది భార్య.

మాట నిజమే కనక నవ్వి ఊరుకున్నాడు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో ఎవరికి ఇంజెక్షను వెయ్యాలన్నా, పుండుకు కట్టు మార్చాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్ళేవారు. పిల్లలు ఆవిడకు సూదులమ్మ అని పేరు పెట్టారు. వైద్యం ఉచితం, తిట్లు కూడా ఉచితమే. బాబాయిని తమ్ముడూ అనేది. బాబాయి భార్యా ఆవిడా సాయంత్రం పూట మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు.

టర్కీ పిల్లలు ఎదిగాయి. టర్కీ పుంజుల గుణం ఏమిటంటే, ఏ చప్పుడు వినిపించినా బదులివ్వకుండా ఉండలేవు. సూదులమ్మ తుమ్మితే చాలు, గోడ ఇవతల అన్నీ మెడలు సాచి ఒక్కసారిగా గొబగొబమనేవి.

"తమ్ముడూ, నా ఇంట్లో నేను తుమ్మడానికి కూడా నీ కోళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాలా?" అనేదావిడ. ఒకరోజు విసుగొచ్చి, ఇవి చస్తే గానీ తనకు కంటి మీద కునుకు రాదని కూడా అంది. అంటూనే, కూర తరిగినప్పుడల్లా కాడలూ ముదురాకులూ గోడ మీదుగా వాటికే వేసేది.

ఆ ఏడు వానలకు భార్య పెంచుకునే నాటుకోళ్ళ గూడు కూలిపోయింది. బాబాయి వాటిని టర్కీల షెడ్డులోకి తోలాడు. స్నేహితుడి మాట గుర్తులేక కాదు. కొత్త గూడు కట్టడానికి ఒళ్ళు బద్ధకించింది. పైగా ఆ జాగ్రత్త కాస్త అతి అనిపించింది. అన్నీ ఒకే పళ్ళెంలో తింటుంటే చూడముచ్చటగా కూడా ఉంది.

కొన్నాళ్ళకు ఒక టర్కీ రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, మూల నిలబడింది. రెట్ట పసుపుపచ్చగా పడింది. మర్నాటికి చచ్చిపోయింది. తర్వాత ఇంకొకటి, దాని వెనకే మరొకటి. వారం తిరిగేసరికి షెడ్డు సగం ఖాళీ అయింది. నాటుకోళ్ళు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. గోడవారన పడే ఆకుల కోసం ఎగబడేవి టర్కీలే, చచ్చినవీ అవే. బాబాయికి ఇంకేమీ ఆలోచించాలని అనిపించలేదు.

ఆ పొద్దున పాల కొట్టు దగ్గర జనం ఉన్నారు. సూదులమ్మ పాల ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిరుగుతోంది. బాబాయి ఎదురుగా నిలబడి, నా కోళ్ళకు విషం పెట్టింది నువ్వేనని వీధి చివరి దాకా వినిపించేలా అరిచాడు.

"నేనా తమ్ముడూ?" అంది ఆవిడ.

"నువ్వు కాక ఇంకెవరు? చస్తే గానీ కునుకు రాదన్నావుగా. సూదులేసిన చెయ్యి, ఏ ఆకులో ఏం కలపాలో నీకొకరు చెప్పాలా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ప్యాకెట్ కొట్టు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ తన పక్షమే అనుకున్నాడు బాబాయి. చాలా రోజుల తర్వాత నలుగురిలో తల ఎత్తుకుని నడిచాడు.

విషమని నిరూపించాలని, మర్నాడు చచ్చిన టర్కీని సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు కోసి చూశాడు. కాలేయం నిండా గుండ్రటి గుంటల్లాంటి మచ్చలు.

"విషమే కదండీ?" అన్నాడు బాబాయి.

"విషం కాదు. వీటితో పాటు మామూలు కోళ్ళు పెంచుతున్నారా?"

బాబాయి తలూపాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఇది కోళ్ళ రెట్ట నుంచి, అవి తిరిగిన నేల నుంచి టర్కీలకు అంటుకునే జబ్బని, కోళ్ళకు ఏమీ కాదు గానీ వీటి ప్రాణం తీస్తుందని చెప్పాడు. వెంటనే విడదీయమన్నాడు. మిగిలినవాటికి మందు రాసిచ్చాడు.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చి అడిగింది, విషమేనా అని.

"తేల్చి చెప్పలేదు. మందిచ్చాడు," అన్నాడు.

ఆ అబద్ధం ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి జారిపోయింది. జారిపోయాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. కొత్త గూడు కట్టేదాకా అని చెప్పి నాటుకోళ్ళను భార్య చెల్లెలి ఇంటికి పంపేశాడు. షెడ్డులో మట్టి తవ్వి పారేశాడు. కొన్ని బతికి బట్టకట్టాయి. వాటికి నీళ్ళు పోస్తున్నప్పుడల్లా గోడ అవతల అలికిడి వినిపిస్తే వంగి షెడ్డు చాటున నక్కేవాడు, దొంగలాగా. తను చేసేది తెలుస్తూనే ఉంది. మెడ దాకా వేడెక్కేది.

గోడ మీదుగా ఆకులు రావడం ఆగిపోయింది. సాయంత్రాలు భార్య మెట్ల మీద ఒక్కతే కూర్చునేది. సూదులమ్మ తలుపు తట్టేవాళ్ళు తగ్గిపోయారు.

ఒకరోజు ఎదురింటి కోడలి కొడుకు సైకిలు మీంచి పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఏడుపు విని సూదులమ్మ దూదీ మందు సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. ఆ కోడలు ఆవిడను చూసింది. చూసి, పిల్లాణ్ణి చంకన వేసుకుని ఆవిడ గుమ్మం ముందు నుంచే ఆటో కోసం పరుగెత్తింది. పిల్లాడి కాలి నుంచి రక్తం కారుతూనే ఉంది. సూదులమ్మ సీసా మూత బిగించుకుని లోపలికి వెళ్ళింది. బాబాయి కిటికీలోంచి ఇదంతా చూశాడు.

మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు చూసి, పెరటి వైపు నుంచి ఆవిడ వంటింటి తలుపు తట్టాడు. నిలబడే అన్నీ చెప్పాడు. డాక్టరు మాట, తను కోళ్ళను కలపడం, భార్యకు చెప్పిన అబద్ధం. క్షమించక్కా అన్నాడు. ఆవిడ పొయ్యి మీద పాలు పొంగకుండా మంట తగ్గించింది.

"మీరు నన్ను వీధిలో అన్నారు. వంటింట్లోకొచ్చి క్షమించమంటే ఎలాగండీ?"

ఆ 'అండీ' చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆవిడ ఎవరినీ, పెద్ద డాక్టర్లను తప్ప, అలా పిలిచి ఎరగదు.

మర్నాడు పొద్దున పాల కొట్టు దాకా వెళ్ళి, జనాన్ని చూసి తిరిగొచ్చేశాడు. ఆ తర్వాతి రోజూ అంతే. చివరికి ఒక ఉదయం, భార్య పాలకు బయల్దేరితే, వెనకే నడిచాడు. సూదులమ్మ కూడా వరసలో ఉంది. బాబాయి పక్కన నిలబడి ఏదో గొణిగాడు.

"ఏంటి బాబాయ్, కాస్త గట్టిగా చెప్పు," అన్నాడు కొట్టువాడు.

"విషం కాదు," అన్నాడు బాబాయి. "జబ్బు. నాటుకోళ్ళ వల్లే అంటుకుంది. కలపొద్దని చెప్పినా నేనే కలిపాను. అక్కయ్య తప్పేం లేదు. డాక్టరు అప్పుడే చెప్పాడు. నేనే దాచాను."

కొట్టువాడు నవ్వాడు. "అయితే వాటిని చంపింది నువ్వేనన్నమాట." వెనక ఎవరో టర్కీలా గొబగొబమన్నారు. నలుగురూ నవ్వారు. సూదులమ్మ నవ్వలేదు. చిల్లర లెక్క చూసుకుని, పాలు తీసుకుని వెళ్ళిపోయింది.

భార్య ఆయన కోసం ఆగలేదు. ఇంట్లో, మొహం తిప్పుకునే అంది, "నాకైనా చెప్పొచ్చుగా. ఆవిడతో మాట్లాడటం నేను కూడా మానేశాను." ఆ సాయంత్రం తనే వెళ్ళి సూదులమ్మ తలుపు తట్టింది. చాలాసేపటి దాకా రాలేదు. వచ్చాక ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

తర్వాతి ఏడాదికి మిగిలిన టర్కీలు గుడ్లు పెట్టి పొదిగాయి. బాబాయి గచ్చు నేలతో కొత్త షెడ్డు వేశాడు. పిల్లల కోసం వచ్చేవాళ్ళకు, ముక్కు నీళ్ళలో ముంచడం నేర్పే ముందే, తను చేసింది చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి. బేరం చెడుతుందని భార్య కసిరినా మానలేదు. సూదులమ్మ ఎదురుపడితే, బాగున్నారా అనేది. అంతకు మించి మాట పెంచేది కాదు.

ఆవిడ దగ్గరికి మళ్ళీ కొందరు వెళ్ళసాగారు. ఎదురింటి కోడలు మాత్రం వెళ్ళలేదు. ఒకరోజు బాబాయే ఆమె గేటు దగ్గరికి వెళ్ళి, అప్పుడు నేనన్నది అబద్ధమమ్మా, నీకు తెలుసుగా అన్నాడు.

"తెలుసు బాబాయ్. మీరు చెప్పినప్పుడు నేను కూడా అక్కడే ఉన్నా," అంది ఆమె మొహమాటంగా. "కానీ ఒకసారి విన్నాక, పిల్లాణ్ణి ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. లోపల్నుంచి పిల్లాడు పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. బాబాయి గేటు దగ్గరగా వేసి వచ్చేశాడు.