అత్త కొంగు ముడి

మా మేనత్త ఎక్కడ కూర్చున్నా కొంగు చివర ముడి వేసేది, విప్పేది. రామన్నపేట డేరా టాకీసుకు భారీ ఖర్చుతో తీసిన ఇంగ్లీషు సినిమా వస్తే ఆమెను తీసుకుపోయాను. ఆకాశంలోంచి దిగినవాళ్లు ఊళ్లకు ఊళ్లు తగలబెడుతుంటే డేరా అంతా ఒకటే కేకలు. అత్త రెప్ప వేయలేదు. వేళ్లు మాత్రం ముడి విప్పుతూనే ఉన్నాయి.

బయటికొచ్చాక అడిగాను, "భయమైందా అత్తా?"

"ఏం భయం బిడ్డా. గంతమంది ఉరికిన్రు. ఒక్కలన్న గొడ్ల మెడల తలుగులు ఇప్పలే."

"గది పట్నం అత్తా. ఆడ గొడ్లుండయి."

అత్త కొంగు చివర మళ్లీ ముడి వేస్తూ నడిచింది.

"మన ఊరు తగలవెట్టిననాడు నేను గూడ గట్లనే ఉరికిన," అన్నది, ముడి బిగిస్తూ. "రెండు బర్లు, ఒక దూడ. కట్టేసినయి కట్టేసినట్టే కాలినయి."