తిరుమల శనివారం నాటి నీలం మాత్ర

జోయల్‌కు చదివే పిచ్చి ఎక్కడి నుంచి అంటుకుందో వాళ్లమ్మ ఎస్తేరుకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో ఉన్న పుస్తకమల్లా ఒక్క బైబిలే. రేణిగుంట గోడౌన్లో మూటలు దించే రోజుల్లో, బజ్జీలు కట్టిచ్చిన పేపరును కూడా విప్పి, నూనె మరకల మధ్య మిగిలిన అక్షరాలు చదివాకే పారేసేవాడు. నాయన పోయిన ఏడు డిగ్రీ ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. చదివిన కొద్దీ కోపం పెరిగింది. దేశంలో ప్రతిదానికీ ఒక ప్రణాళిక ఉంది. ప్రతి ప్రణాళికకూ ఒక ముందుమాట ఉంది. ఆ ముందుమాటలో యువతే దేశ భవిష్యత్తు అనే వాక్యం తప్పకుండా ఉంది. ఆ భవిష్యత్తు గోడౌన్లో సిమెంటు దుమ్ము మింగుతోందని మాత్రం ఏ పేజీలోనూ లేదు.

ఆ కోపమే అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టింది. తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థ కుర్రవాళ్లను పోగేసి, మీకు ఏం కావాలో చెప్పండని మీటింగు పెట్టింది. ఒకడు ఆటస్థలం అన్నాడు, ఇంకొకడు ఉద్యోగం అన్నాడు. జోయల్ లేచి, "పదేండ్ల పిల్లోళ్ల కాణ్నించి పందొమ్మిదేండ్ల వాళ్ల దాకా ఆరోగ్యానికి దేశానికంతా ఒక ప్రణాళిక ఉండాదని చదివినాను. మా ఊర్లో అది యాడుండాదో ఎవురన్నా సూపిస్తారా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. స్టేజీ మీదున్న పెద్దాయన నవ్వలేదు. మీటింగు అయ్యాక భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే పోయి సూపించు నాయనా" అన్నాడు.

అలా కాంట్రాక్టు మీద పని దొరికింది. కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెలు అతనికి ఇచ్చారు. వాటిలో అతని సొంత ఊరు ఎగువ పొదలపల్లె కూడా ఉంది. పిల్లలతో కూర్చుని రక్తం గురించీ, తిండి గురించీ, నెలసరి గురించీ, గంజాయి గురించీ, ఎవరికీ చెప్పుకోలేని దిగులు గురించీ మాట్లాడాలి. ప్రతి బేస్తవారం బడిలో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐరన్ మాత్ర మింగించాలి. నీలం రంగు మాత్ర. వారానికి ఒక్కటి.

మాటలు సులభం, మాత్రే కష్టం. అందరికంటే కష్టం తొమ్మిదో తరగతి రూపశ్రీ విషయంలో అయింది. ఆ పిల్ల మొహం ఉడికించిన చిలగడదుంప లోపలి రంగులో ఉండేది. రెండు మెట్లు ఎక్కితే గోడ పట్టుకునేది. నర్సు నిర్మలమ్మ రక్తం చూసి, ఏడే ఉందని, ఇంకా దిగితే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వస్తుందని చెప్పింది. రూపశ్రీ తల్లి అలివేలమ్మ మాత్రం మాత్రను ఇంటి గడప తొక్కనివ్వలేదు.

"అయి మింగితే ఆడబిడ్డలకు కడుపు పండదంట గదబ్బా?"

"ఎవురు సెప్పినారు పెద్దమ్మా?"

"అందురూ సెప్తావుండారు."

"అందురూ సెప్పేది నమ్ముతావా, నేను సెప్పేది నమ్ముతావా?"

అలివేలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె కొడుకు ఢిల్లీబాబు, జోయల్ ఒకే ఈడు వాళ్లు. ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. ఢిల్లీబాబు ఇప్పుడు శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీలో ఉన్నాడు. "నా చేతి ముద్ద తిన్నోడివి. నువ్వు సెప్తే సరేలే" అంది చివరకు. ఆ మాట కోసం జోయల్ మూడు నెలలు ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. ఊళ్లో మిగిలిన తల్లులు కూడా అలివేలమ్మ ఒప్పుకుందని తెలిశాకే ఒప్పుకున్నారు.

సెప్టెంబరు సగంలో పెరటాసి నెల వచ్చింది. ఒక బేస్తవారం మాత్రలు రాలేదు. శుక్రవారం సాయంత్రం డబ్బాలు దిగాయి. నిర్మలమ్మ కూతురి కాన్పుకని సెలవులో ఉంది. తన ఊళ్లలో ఒక్క వారం కూడా తప్పలేదని జోయల్‌కు లోలోపల గర్వం. జిల్లా మీటింగులో ఆ మాట పైకి చదివి చప్పట్లు కొట్టించారు కూడా. రెండు రోజులు ఆలస్యమైతే ఏం, శనివారం ఇచ్చేద్దాం అనుకున్నాడు. ఆ ఉదయమే బండి మీద డబ్బాలు కట్టుకుని బడికి పోయాడు.

అన్నం గంట కొట్టారు. శనివారం కదా, చక్కెర పొంగలి. వరుస పొట్టిగా ఉంది. వంటమనిషి గిన్నె వంచి చూసి, "ఈపొద్దు శానా మిగిలిపోతాదబ్బా, రా, నువ్వన్నా తిను" అని పిలిచింది. జోయల్ ఒక ప్లేటు పెట్టించుకుని వేపచెట్టు కింద కూర్చుని తిన్నాడు. ఎదురుగా పిల్లలు ఆడుకుంటున్నారు. సగం మంది మగపిల్లల నుదుట నామాలున్నాయి. ఆడపిల్లలు తలంటుకుని, ఆరని జుట్టు వదులుగా ముడేసుకుని వచ్చారు. అన్నీ చూశాడు. గిన్నెలో మిగిలిన పొంగలినీ చూశాడు. తర్వాత చాలా రోజులు ఆ పొంగలి తీపి అతని నాలుక మీద చేదుగా మిగిలింది.

గంట కొట్టాక తరగతి తరగతికీ తిరిగి మాత్రలు పంచాడు. "మానకూడదు, ఒక్క వారం గూడా మానకూడదు" అని ఎప్పటిలాగే చెప్పాడు. పిల్లలు నీళ్లు పోసుకుని మింగారు.

మొదట ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల వాంతి చేసుకుంది. ఆ వెంటనే ఇంకొకతె. కడుపు పట్టుకుని వరండాలో కూలబడినవాళ్లు ఎందరో. రూపశ్రీ బెంచీ మీది నుంచి లేవబోయి, లేవలేక, పక్కకు ఒరిగిపోయింది. ఎత్తుకున్నప్పుడు ఆ పిల్ల ఒళ్లు తడిబట్టలా చల్లగా ఉంది.

"ఏమన్నా తిన్నావామ్మా?"

"లేదన్నా, ఒక్కపొద్దు" అంది కళ్లు మూసుకునే. "మాత్ర తిండి గాదు గదా. నువ్వు మానొద్దన్నావు గదా."

అప్పుడు తట్టింది జోయల్‌కు. తిరుమల శనివారం. పెరటాసిలో వచ్చే శనివారాలు. ఈ సీమలో ఆ శనివారాల్లో తిరుమల స్వామి పేరున సగం ఊరు పస్తుంటుంది. పొద్దుగూకి దీపం పెట్టాక, గోవిందా అని అరిచి గోవింద కొట్టాక, అప్పుడు తినడం. ఖాళీ కడుపులో ఇనుము పడితే ఏమవుతుందో ప్రతి మీటింగులో చెప్పేవాడు తనే. తిని మింగండి, తిని మింగండి అని గోడల మీద రాయించింది తనే.

ఆటోల్లో కార్వేటినగరం తీసుకుపోయారు. సెలైన్లు పెట్టారు, ఉప్పు చక్కెర నీళ్లు తాగించారు. సాయంత్రానికి అందరూ లేచి కూర్చున్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అలివేలమ్మ మంచం పక్కన నిలబడి, కూతురి నుదుటి మీద చెదిరిన బొట్టును సర్దుతూ, జోయల్ వైపు తిరగకుండానే అంది.

"నీకేం తెలస్తాదిలే మా శనివారం. నీది ఆదివారం గదా."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ మాటను అందుకున్నారు. రాత్రికి ఊరంతా పాకింది. కావాలనే ఇచ్చినాడంట అని ఒకరు, ఒక్కపొద్దు చెడగొట్టడానికంట అని ఒకరు. తర్వాతి బేస్తవారం బడిలో ఒక్క పిల్ల కూడా చెయ్యి చాపలేదు. సెలవుల వారాలకని ముందే ఇళ్లకు ఇచ్చిన మాత్రలు కొన్ని మురుగుకాలువలో నీలంగా కరుగుతూ కనిపించాయి.

ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "వాళ్లే తినకుండా మింగినారని చెప్పెయ్ జోయల్. మన తప్పేముంది? నిజమే కదా అది." నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అయినా అతను సరేననకుండానే ఫోను పెట్టేశాడు.

ఫోనులో ఎప్పుడో దించుకున్న ప్రణాళికను మళ్లీ తెరిచాడు. ఈసారి నేర్చుకోవడానికి కాదు, తిట్టడానికి. ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చుని రాసినవాళ్లకు ఒక్కపొద్దు ఏం తెలుసు? ఎక్కడో ఒక చోట దొరుకుతారు, దొరికిన చోట పట్టుకుని అందరికీ చూపిస్తాను అనుకుంటూ పేజీలు తోశాడు. దొరికింది. మాత్ర ఇచ్చే రోజును స్థానిక పరిస్థితులను బట్టి నిర్ణయించుకోవాలి అని ఉంది. దాని కింద, స్థానిక కార్యకర్త సలహా తీసుకోవాలి అని ఉంది.

జోయల్ ఆ రెండు వాక్యాలనూ మళ్లీ చదివాడు. తమకు తెలియదని రాసినవాళ్లకు తెలుసు. తెలిసినవాడు ఒకడు ఉంటాడని నమ్మి, వాడి కోసం అంత చోటు వదిలిపెట్టారు. ఆ చోట నిలబడాల్సిన మనిషి వేపచెట్టు కింద పొంగలి తింటూ కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరి మీదో ఉన్న కోపం, అడ్రసు తప్పి తిరిగొచ్చిన మనిషిలా, తన గుమ్మంలోనే వచ్చి కూర్చుంది.

ఎస్తేరు పొయ్యి దగ్గర పప్పు ఎనుపుతోంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసి కోసి ఆమె వేళ్ల సందులు నల్లబడిపోయి ఉంటాయి.

"మా, నీకు తెలుసు గదా ఆ పొద్దు తిరుమల శనివారమని. ఒక్క మాట సెప్పకూడదా?"

ఆమె పప్పుగుత్తి ఆపింది. "నీకు నేను సెప్పల్లనా? పెరటాసిలో మనింట్లో మాంసం కూర ఎప్పుడన్నా ఉడికిందా? గుడ్డు గూడా ఉడకేయను. గోడ అవతల అలివేలు ఒక్కపొద్దుంటే ఈడ్నించి నీసు వాసన పోకూడదని. మీ నాయన గొణిగేవాడు, అయినా యేయలా. నువ్వు పుట్టినకాణ్నించి ఆ నెలంతా పప్పే తింటివి. ఎందుకని ఒక్కతూరన్నా అడిగినావా?"

అతను అడగలేదు. పుస్తకాలను అడిగాడు, ప్రభుత్వాలను అడిగాడు. నోట్లో పడిన పప్పును అడగలేదు.

అడగకపోయినా తెలియంది కాదు. ఏడెనిమిదేళ్ల వయసులో ఈ శనివారాల్లోనే ఢిల్లీబాబు, అతనూ చెంబుకు నామం పెట్టి, మెడకు పూలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగి గోవిందా అని అరిచి బియ్యం ఎత్తేవాళ్లు. ఆ బియ్యంతోనే సాయంత్రం పొంగలి. అలివేలమ్మ ఇద్దరికీ ఒకే చేత్తో నామం దిద్దేది. తిరిగి తిరిగి తమ ఇంటి ముందుకే వచ్చి నిలబడితే, ఎస్తేరు నవ్వాపుకుంటూ దోసెడు బియ్యం చెంబులో పోసేది. పాస్టరు గారికి ఎవరో చెప్తే, "పిల్లోళ్లు గదయ్యా" అని ఊరుకుంది.

నాలుగో శనివారం వచ్చింది. అలివేలమ్మ ఇంట్లో ప్రతి ఏటా ఆఖరి శనివారం పిండి దీపం పెట్టి పదిమందికి ఆకులు వేస్తారు. ప్రతి ఏటా పొద్దున్నే అలివేలమ్మ గోడ మీదుగా, "ఎస్తేరూ, సాయంత్రం పొయ్యి ముట్టించొద్దు" అని కేకేసేది. ఆ రోజు కేక వినపడలేదు. మధ్యాహ్నం దాటింది. గోడ అవతల రోలు చప్పుడు వినపడుతూనే ఉంది. దీపాలవేళ గోవింద కొట్టారు.

జోయల్ చొక్కా మార్చుకుని పోయి వాకిట్లో నిలబడ్డాడు. అలివేలమ్మ బయటికి వచ్చింది.

"ఏం గావాల?"

"నాకు తెలుసు పెద్దమ్మా మీ శనివారం. నువ్వు నామం పెట్టినావు నా మొగానికి. తెలిసి గూడా మర్సిపోయినాను. తప్పు పిల్లోళ్లది గాదు, నాది."

లోపల ఆకుల ముందు కూర్చున్న చుట్టాలు మెడలు చాపి చూస్తున్నారు. స్తంభం పక్కన రూపశ్రీ నిలబడి ఉంది. దీపం వెలుగులో కూడా ఆ మొహానికి రంగు రాలేదు. తల్లి చూపు ఒకసారి కూతురి మీదికి పోయింది. ఆ పిల్ల చేత్తో స్తంభాన్ని పట్టుకుని ఉండడం జోయల్ చూసినట్టే ఆమె కూడా చూసింది.

"తెలీక సేసుంటే తిట్టి వదిలేద్దును. తెలిసి మర్సిపోతే ఏమనేదిరా నిన్ను?" అంది. "ఆ గోడమీద కేకెయ్యడానికి పొద్దున రెండుతూర్లు పోయినా. నోరు రాలా."

"అమ్మను పిల్సు పెద్దమ్మా. నన్నొద్దులే."

"నిన్నొదిలి ఆమె వస్తాదా? రా, కూసో."

గోడ దగ్గరికి పోయి ఎస్తేరుకు కేకేసి వచ్చి, ఆకు వేసింది. చిత్రాన్నం, వడ, పొంగలి కుమ్మరించింది. కోపం వడ్డనలోనే చూపించింది, వద్దన్నకొద్దీ వేసింది. అతను సగం తిన్నాక ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇను. మాత్ర బళ్లో మింగేది లేదు. ఇంట్లో, బేస్తవారం రాత్రి, నా కండ్ల ముందర అన్నం తిన్నంక మింగుతాది. ఇష్టమైతే ఇయ్యి."

"ఇస్తాను."

"మరి నువ్వేమన్నా మింగుతుండావా? పీనుగు మాదిరుండావు."

"నాకియ్యరు పెద్దమ్మా. పందొమ్మిదేండ్లు దాటినోళ్లు దాంట్లో లేరు."

"అంటే దాటినంక మనిషి గాదా?" అని ఆమె ఇంకో వడ పడేసింది. చుట్టాలు నవ్వారు. రూపశ్రీ కూడా నవ్వింది.

సోమవారం ఆఫీసుకు ఫోను చేశాడు. పిల్లలు తినకుండా మింగడానికి కారణం తానేనని చెప్పాడు. ఇకమీదట ఆ ఊళ్లో మాత్రలు ఇళ్లలోనే ఇస్తానన్నాడు. "ఒక్కడివే ఊరంతా తిరుగుతావా? ప్రణాళికలో అట్లా లేదు కదయ్యా" అన్నాడు అవతలి మనిషి.

"ఉండాది సార్. సదవండి."

కాంట్రాక్టు మళ్లీ రాస్తారో లేదో తెలియదు. అది మార్చిలో తేలే విషయం.

బేస్తవారం పొద్దుగూకాక సంచీ భుజాన వేసుకుని మొదటి వీధిలోకి పోయాడు. వాకిళ్ల ముందు నిలబడినప్పుడు గోవిందా అన్న పాత అరుపు గొంతులోకి వచ్చి ఆగింది. దాని బదులు, "అన్నం తిన్నారా?" అని అడిగాడు. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. ఒకామె లోపలి నుంచే, "మాకొద్దబ్బా, పో" అంది. ఇంకొకామె, "అలివేలు బిడ్డకిచ్చినావా? ముందు ఆడికి పోయి రా" అంది.

అలివేలమ్మ ఇంటి ముందు లైటు వెలుగుతోంది. రూపశ్రీ అప్పుడే చెయ్యి కడుక్కుని, ఎంగిలి పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. జోయల్ అడగబోయే లోపలే ఆ పిల్ల పళ్లెం వంచి చూపించింది. మెతుకు లేదు.

"సూసుకో అన్నా" అని అరచెయ్యి చాపింది.