కొత్త కోచ్ కోసం ప్రార్థన

అమెరికాలోని ఇర్వింగ్‌లో నలుగురు అమ్మాయిలం ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకుని ఉన్న ఆ రోజుల్లో నా దగ్గర రెండే ఉండేవి: ఎమ్మెస్ పట్టా, మొండితనం. (రెండోది ఇప్పటికీ చెక్కుచెదరలేదని మా ఆయన అంటారు.) ఉద్యోగం మాత్రం లేదు. చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చేది తొంభై రోజులు. అవి ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. ఇలాంటప్పుడు మనిషికి ఏదో ఒక ఆశ కావాలి కదా, నేను పోయి పోయి ఒక ఫుట్‌బాల్ జట్టు మీద పెట్టుకున్నాను. అదీ కాలితో తన్నేది కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. అందులోనూ వరసగా ఓడిపోతున్న జట్టు!

సీజన్ సగంలో ఉండగా మావాళ్లు అఫెన్స్ కోచ్‌ని తీసేశారు. అఫెన్స్ అంటే బంతిని ముందుకు తీసుకెళ్లి పాయింట్లు తెచ్చే పని. ఆ ఒక్క పనే మావాళ్లకు చేతకాలేదు. కొత్తాయన్ని పెట్టారని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇక చూడండే, మనల్ని ఆపేవాడు లేడు!" అని ఇంట్లో ప్రకటించాను. మాలో పెద్దది, మేమంతా అక్కా అని పిలిచే అమ్మాయి, పప్పు మెదుపుతూ, "ముందు నీ రెజ్యూమె అప్‌డేట్ చేయవే తల్లీ. వాళ్ల కోచ్ మారితే నీకొచ్చేదేంటి?" అంది. నాకు ఒళ్లు మండింది. సగం పాడయ్యాక బాగుపడటం కుదరదంటే, మరి నా గతేం కాను?

మా తెలుగు చర్చిలో ఆదివారం పాటలయ్యాక, ప్రార్థన అవసరమున్నవాళ్లని లేచి చెప్పమంటారు. ఒకరు హెచ్‌వన్ వీసా లాటరీ అంటారు, ఒకరు పిల్లాడి మెడికల్ సీట్ అంటారు. నేను ఆరు వారాలు వరసగా "ఉద్యోగం" అని లేచాను. ఆరుసార్లూ అందరూ కళ్లు మూసుకుని నాకోసం ప్రార్థించారు. ఆ తర్వాత భోజనాల దగ్గర బిర్యానీ వడ్డించే ఆంటీ, "వచ్చిందామ్మా?" అని అడిగేది. ఏడోసారి లేవాలంటే సిగ్గేసింది. కూర్చుని ఉండాలంటే రోషమొచ్చింది. లేచి, "మా టీమ్‌కి కొత్త అఫెన్స్ కోచ్ వచ్చాడు. ఆయన కోసం ప్రార్థించండి," అన్నాను. అక్క నా చున్నీ పట్టుకుని లాగింది. పాస్టర్ అంకుల్ నవ్వాపుకుని, "అలాగేనమ్మా. గెలిస్తే వచ్చేవారం ముందుకొచ్చి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పాలి మరి," అన్నారు. "ఓడినా చెప్తాను అంకుల్," అనేశాను. నా నోరెప్పుడూ ఇంతే.

ఆ సాయంత్రమే మావాళ్లు చిత్తుచిత్తుగా ఓడిపోయారు. బుధవారం నాడు, ఇంటర్వ్యూలో రెండు రౌండ్లు దాటానని నేను ఆశలన్నీ పెట్టుకున్న, పక్కూరు ప్లేనోలోని కంపెనీ కూడా వద్దంది. ఆదివారం పొద్దున్నే దుప్పటి ముసుగేసుకుని, "నాకు జ్వరం," అన్నాను. అక్క నుదురు పట్టుకుని చూసి, "చల్లగా ఉందే. లే, కార్ స్టార్ట్ చేస్తున్నా," అంది.

మైకు నా చేతికిస్తూ పాస్టర్ అంకుల్, "ఓడిపోయారటగా?" అన్నారు మెల్లిగా. మెల్లిగా అన్నది కాస్తా మైకులో హాలంతా మోగింది. "ఓడిపోయాం," అన్నాను. "కానీ మూడో క్వార్టర్‌లో బంతిని ఆ చివర నుంచి ఈ చివరకి తెచ్చారు. పాతాయన ఉన్నన్నాళ్లలో అలాంటిది ఒక్కటి చూపించండి చూద్దాం!" అందరూ పగలబడి నవ్వారు. నవ్వులు తగ్గాక బిర్యానీ ఆంటీ, "బాగుంది గానీ, నీ జాబ్ సంగతేంటమ్మా?" అంది. వేరే రోజైతే ఏడ్చేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఎక్కడలేని మొండి ధైర్యం వచ్చింది. "రాలేదు ఆంటీ. బుధవారం ఇంకొకళ్లు వద్దన్నారు. నాకింకా ఇరవై రెండు రోజులున్నాయి. మేమింకా ఆడుతున్నాం," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. భోజనాల దగ్గర ఆంటీ నా ప్లేట్‌లో రెండు ముక్కలు ఎక్కువ వేసి, "ఇవాళ ఆట ఎన్నింటికమ్మా?" అని అడిగింది.

ఉద్యోగం ఇంకో ఎనిమిది రోజుల గడువుందనగా వచ్చింది. ఆ కొత్త కోచ్‌ని మాత్రం సీజన్ కాగానే ఇంటికి పంపేశారు. మా జట్టు ఈ రోజుకీ పెద్దగా గెలిచింది లేదు. మైకు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే, "పిచ్చిదానా, ఆయన వల్ల కూడా ఏమీ కాలేదే," అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. చెప్పినా వినే రకం కాదు. నన్ను ఎగాదిగా చూసి, "వచ్చే సీజన్ చూడండి ఆంటీ," అంటుంది.