దుప్పటితో చెప్పిన గురుత్వాకర్షణ

కొత్తపేటలో ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. ఆమధ్య మా హాల్లో సైన్సు మీద ఉపన్యాసం పెట్టారు. మాట్లాడింది మా ఫిజిక్స్ లెక్చరర్ గారే. తల్లిదండ్రులు కూడా వచ్చారు. ఆయన పిల్లల చేత ఒక దుప్పటి కొసలు పట్టించి, మధ్యలో ఇనపగుండు వేశారు. దుప్పటి కుంగింది. అంచున గోళీ వదిలితే గుండు వైపు దొర్లుకుంటూ పోయింది. సూర్యుడు తన చుట్టూ ఉన్న చోటును, అంటే స్పేస్‌ను, ఇలాగే వంచుతాడు, గురుత్వాకర్షణ అంటే ఇంతే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు కొట్టబుద్ధి కాలేదు. లేచి అడిగాను.

"గుండును భూమి కిందికి లాగబట్టే కదండీ దుప్పటి కుంగింది? ఆ లాగడం ఏమిటో చెప్పడానికి మళ్లీ ఆ లాగడాన్నే వాడుకుంటే ఎలాగండీ?"

ఆయన నవ్వారు. "మేడమ్ గారూ, ఇది ఛందస్సు కాదండి. మీరు గణాలు చూసుకోండి, దీన్ని మాకొదిలెయ్యండి."

హాలంతా నవ్వింది. నా క్లాసు పిల్లలూ నవ్వారు.

ఇంటికొచ్చినా ఒళ్లు మండుతూనే ఉంది. సరదాకి అన్నారులే, ఊరుకోమన్నారు మా వారు. ఎవరి సరదాకి? ప్రశ్న తప్పయితే ఎందుకు తప్పో చెప్పాలి. అది చెప్పకుండా అడిగిన మనిషిని నవ్వులపాలు చెయ్యడం ఏం చదువు?

ఆ కోపంతోనే ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చాలావరకు అర్థం కాలేదు. ఒకదాంట్లో మాత్రం నేను కూడా చేయగలిగిన పని కనిపించింది. ప్లాస్టిక్ సీసాకు అడుగున చిల్లు పెట్టి, నీళ్లు నింపి, చిల్లు వేలితో మూసి మేడెక్కాను. మా వారిని పెరట్లో నిలబెట్టాను. వేలు తీయగానే నీళ్లు ధారగా కారాయి. సీసా వదిలేశాను. అది గాల్లో ఉన్నంతసేపూ ధార ఆగిపోయింది. మా వారు నమ్మలేక మళ్లీ చేయించారు. మళ్లీ అంతే.

సీసా, నీళ్లు కలిసి పడుతుంటే నీళ్లు సీసాను నొక్కడం లేదన్నమాట. పడుతున్న మనిషికైనా అంతే, బరువు తెలియదు. నిలబడి ఉన్నప్పుడు బరువని మనకు తెలిసేది నేల మన అరికాళ్లను పైకి తోయడమే. ఇన్నేళ్లూ నన్నేదో కిందికి లాగుతోందనుకుంటూ బతికాను.

మరి ఏదీ లాగకపోతే సీసా నేల వైపే ఎందుకొచ్చింది? మర్నాడు స్టాఫ్ రూములో ఆయన ఒక్కరే బత్తాయి ఒలుచుకోబోతుంటే వెళ్లి అడిగాను. ఆయన పెన్ను తీసి, కాయ నడుము దగ్గర పక్కపక్కనే రెండు గీతలు మొదలుపెట్టి, తిన్నగా పైకి గీశారు. రెండూ తొడిమ దగ్గర కలిశాయి.

"వీటిని ఎవరూ దగ్గరికి లాగలేదండి. రెండూ తిన్నగానే వెళ్లేయి. వంపు కాయలో ఉంది. పడే వస్తువూ అంతేనండి, దాని దారిన అది తిన్నగా పోతుంది. భూమి వల్ల వంపు చోటులోనూ కాలంలోనూ ఉంది, అందుకే ఆ దారి నేలకు చేరుతుంది."

"మరి ఆ దుప్పటి?"

"ఆయ్, మీరన్నది నిజమేనండి. జనానికి ఏదో ఒకటి చూపించాలి కదండీ."

"ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదండీ?"

"మీకర్థమవుద్దనుకోలేదండి."

హాల్లో నవ్వినదాని కంటే ఈ మాట నన్ను ఎక్కువ మండించింది. ఒక బత్తాయి, ఒక పెన్ను సరిపోయే విషయం. నాకు అర్థం కాదని, ఆ తల్లిదండ్రులకు అర్థం కాదని ఈయన ముందే తేల్చేసుకుని, తప్పని తెలిసిందే చూపించి పంపేశారు. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను.

ఆ వారంలో పద్యం పక్కన పెట్టి, కాలేజీ మేడ మీంచి నా క్లాసుకు సీసా పడేసి చూపించి, బరువంటే నేల మనల్ని పైకి తోయడమేనని చెప్పాను. ఒకమ్మాయి అడిగింది: "నేల మనల్ని పైకి తోస్తా ఉంటే, భూమికి అటు పక్కనున్నోళ్లని కూడా అలాగే తోస్తా ఉంటే, భూమి ఉబ్బిపోవాలి కదా మేడమ్?"

నాకు తెలియదన్నాను. పిల్లలందర్నీ వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు తీసుకెళ్లి, ఆయన బల్ల ముందు నిలబెట్టి, ఆ అమ్మాయిని మళ్లీ అడగమన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు. కుర్చీ జరుపుకుని, చాక్‌పీసు కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టారు.