దూలానికి కట్టిన సొరుగు

నా చిన్నప్పుడు నందికొట్కూరులో మా తాతకు వడ్రంగి షాపు ఉండేది. చెక్కలో గాళ్ళు కోసే రూటర్ మిషన్ ఊళ్ళో మొదట ఆయనే తెచ్చాడు. దాంతోపాటు దువ్వెనలాంటి పళ్ళున్న ఇనుప జిగ్ ఒకటి వచ్చింది. ఆ పళ్ళ వెంట మిషన్ నడిపితే సొరుగు చెక్కల అంచుల్లో పావురం తోకల్లాంటి పళ్ళు పడేవి. ఒక చెక్క పళ్ళు ఇంకో చెక్క సందుల్లో దిగితే ఇక మేకుతో పనిలేదు. దాన్నే డవ్‌టెయిల్ జాయింటు అనేవాళ్ళు.

నాకు ఆ మిషన్ మీద మనసు పడింది. షాపులోని పెద్ద మేస్త్రికి అది గిట్టలేదు. "ఆడపిల్లకు ఇదంతా యాడ కుదురుతాదప్పా? వేలు పోతే పెళ్ళెవురు చేసుకుంటారు?" అని తాతతో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోతే నా వేలు పోతుంది, మధ్యలో నీకేం నొప్పి అని మొహం మీదే అడిగేశాను. తాత కోప్పడలేదు, నవ్వనూ లేదు. ఒక సొరుగు నువ్వే కొయ్యి, అది నిలిస్తే మిషన్ దగ్గర నీకు చోటిస్తా, లేకుంటే ఈ సెలవుల్లో దాన్ని ముట్టకూడదు అన్నాడు.

కోశాను. జాయింటు లూజుగా వచ్చింది, చేత్తో ఊపితే టకటకలాడింది. మిషన్‌లో చెక్కను కోసే మొనను, అంటే బిట్‌ను, వెంట్రుకవాసి కిందికి దించి మళ్ళీ కోస్తే బిగుస్తుందని తాత ముందే చెప్పాడు. కానీ మళ్ళీ కొయ్యడమంటే మేస్త్రి ముందు ఓడిపోవడమే అనిపించింది. అందుకని వాళ్ళు అన్నానికి పోయినప్పుడు రంపపు పొట్టు బంకలో కలిపి సందులన్నీ పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్దేశాను. మా ఎండలకు అది గంటలో ఎండిపోయింది. చూడ్డానికి ఏ వంకా లేదు.

తాత సొరుగును అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని ముందు చెక్కకు తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. "నువ్వు చేసిందే కదమ్మా, లోపల కాలు పెట్టి నిలబడు" అన్నాడు.

నా కాలు లేవలేదు. ఎక్కితే పడతానని నాకు తెలుసు. ఆ సంగతి తాతకూ తెలుసని అప్పుడే అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "ఎక్కను. సందుల్లో పొట్టు పూసినాను" అన్నాను, గట్టిగానే. మేస్త్రి పకపకా నవ్వాడు. తాత మాత్రం, "నువ్వింకా ఎక్కలా, అది ఊడలా. పందెం ఇంకా పోలా, మళ్ళీ కోసుకో పో" అన్నాడు.

ఇంట్లోకి పారిపోతే మేస్త్రి మాటే నిజమవుతుంది. అందుకే ఆయన కళ్ళ ముందే ఆ సొరుగును సుత్తితో విడగొట్టాను. బిట్ దించి తుండు ముక్కల మీద కోసి చూశాను. నాలుగు పాడయ్యాయి. ఐదోది సుత్తితో మెల్లగా తడితే గానీ దిగలేదు. సాయంత్రానికి కొత్త చెక్కలతో, బంక చుక్క లేకుండా సొరుగు బిగించి, నేనే దూలానికి కట్టి ఎక్కాను. తాడు కిర్రుమంది. సొరుగు కదల్లేదు. "నువ్వూ ఎక్కి చూడప్పా మేస్త్రీ" అన్నాను. ఆయన ఎక్కలేదు.

ఇప్పుడు నాకూ ఒక షాపు ఉంది. బంక పెట్టకముందు ప్రతి సొరుగునూ దూలానికి కట్టి ఎక్కుతాను. అప్పటికన్నా రెండింతలు బరువెక్కాను, అదీ మంచిదే. ఈ వయసులో ఈ కోతిచేష్టలేందమ్మా, పడితే నడుము విరుగుతాది అని నా కొడుకు రోజూ గొణుగుతాడు. విరిగితే విరగనీ. నా షాపులో నా నడుమే కదా విరిగేది, కొన్నవాళ్ళ ఇంట్లో సొరుగు కాదు కదా.