నాన్న నమిలిన నేపాల్ మిరపకాయ

మొన్న ఆదివారం అద్దంకి నుంచి తమ్ముడు తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పిల్లకి నేపాల్లో మెడిసిన్ సీటు దొరికిందట, అది వెళతానంటుంది, వీడు వద్దంటాడు, తీర్పు నేను చెప్పాలట. మా ఇంట్లో దేశం దాటి చదువుకున్న మొదటి మనిషిని నేనే, అదీ ఆ నేపాల్లోనే కదా మరి. వాడు ఫోనులో ఆ కాలేజీ వీడియోలు ఒకదాని తరవాత ఒకటి చూపిస్తూ, హాస్టలు గోడ ఎత్తు దగ్గర్నుంచి ప్రతిదానికీ వంక పెడుతుంటే, నాకు అచ్చం నాన్నే ఎదురుగా కూర్చున్నట్టనిపించి నవ్వొచ్చింది.

మన తరంవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎంట్రన్సులో ర్యాంకు జారిపోతే ఆడపిల్లకి మిగిలేది డిగ్రీ, ఆ వెంటనే పెళ్ళిచూపులు. నాకు రెండుసార్లూ జారిపోయింది. నేపాల్లో కొత్తగా కాలేజీలు వస్తున్నాయనీ, పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారనీ, సెలవులకి రైల్లో ఇంటికి రావచ్చనీ గుంటూరులో మాకు పాఠం చెప్పిన మాస్టారు నచ్చజెబితే, నాన్న ఊరంతా సలహాలడిగి, ఎవరి మాటా వినకుండా, చూసొద్దాం, నచ్చకపోతే తిరిగొచ్చేద్దాం అన్నాడు. నచ్చకపోవడానికే బయలుదేరాడని నాకు దారిలోనే అర్థమైపోయింది.

విజయవాడలో రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సరిహద్దు దాటి, కొండదారుల్లో ఇంకో బస్సులో ఒళ్ళు హూనమై చేరాం. నాన్న భుజాన మా చేలో పండిన, తొడిమలు తీయించిన ఎండుమిరపకాయల సంచి ఉంది. చుట్టాలింటికి వెళ్ళినా, ఆఫీసరు దగ్గరికి వెళ్ళినా ఆయన పట్టుకెళ్ళే కానుక అదొక్కటే. ఈ కొండల్లోవాళ్ళకి కారం ఏం తెలుస్తుంది, పిల్ల చప్పిడికూడు తినలేక చిక్కిపోతుంది అని దారిపొడుగునా గొణుగుడే. తీరా హాస్టలు చూసి గది ఇరుకన్నాడు, నీళ్ళు మంచులా ఉన్నాయన్నాడు, నా పెట్టె తాళం తీయనివ్వలేదు. వెనక్కి వెళితే ఇంక డాక్టరు చదువు మాట ఎత్తే దారే లేదు.

హాస్టల్లో వంట చేసే ఆవిణ్ణి అందరూ దిదీ, అంటే అక్కా అని పిలిచేవాళ్ళు. నాన్న ఇచ్చిన కాయని ఆవిడ మన రైతులు చేసినట్టే విరిచి, వాసన చూసి, ముక్క నాలిక మీద వేసుకుని తలూపింది. తరవాత మాకు అన్నం, పప్పు వడ్డించి, పక్కన ఎర్రగా, గుండ్రంగా, రేగుపండంత ఉన్న తమ మిరపకాయ పెట్టి, కొంచెం కొంచెంగా కొరుక్కోమని సైగ చేసింది. మిరప పండించేవాడికి ఇంకొకరు కారం గురించి జాగ్రత్త చెప్పడమా! నాన్న కాయ మొత్తం నోట్లో వేసుకుని కసుక్కున నమిలాడు. అంతే, చెవులు ఎర్రబడ్డాయి, ఎక్కిళ్ళు మొదలయ్యాయి, కళ్ళ నీళ్ళు మీసాల మీదుగా కారిపోయాయి. దిదీ పరుగున పెరుగు తెచ్చి, చంటిపిల్లాడికి పెట్టినట్టు చెంచాతో పెడుతూ, రెండో చేత్తో వీపు నిమిరింది. తేరుకున్నాక నాన్న ఆవిడకి దణ్ణం పెట్టి నావైపు తిరిగాడు.

"పెట్టె తెరువమ్మా. ఇంత కారం తినేవాళ్ళ దగ్గర నీకేం భయం లేదు."

అక్కడ చదివిన ఏళ్ళకి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పాము కరిచిన రైతులు, ఆలస్యంగా మోసుకొచ్చిన బాలింతలు, జ్వరాలు, అన్నీ మన పల్లెల జబ్బులే. భాష సగమే వచ్చిన రోజుల్లో రోగి ముఖం చూసి బాధ కనుక్కోవడం అలవాటైంది. ఇప్పటికీ మిరప కోతలకి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు నా దగ్గరికి వస్తే మాట తెలియదని విసుగు రాదు, ఒకప్పుడు నేనూ మాట రాని మనిషినే కదా.

తమ్ముడికి ఇదంతా చెప్పాను. కాలేజీకి ఇక్కడ గుర్తింపు ఉందో లేదో, తిరిగొచ్చాక రాయాల్సిన పరీక్ష సంగతేమిటో ముందే కనుక్కోమన్నాను. చెబుతూ చెబుతూ ఉండగా నాకే ఒక సంగతి తట్టింది. నాన్న కారం చూసి నన్ను వదిలి వెళ్ళాడని ఇన్నేళ్ళూ నవ్వుకుంటూ వచ్చాను, కానీ నిజానికి ఆయన చూసింది ఆ పెరుగు చెంచాని. పైకి చెప్పడానికి మొహమాటపడ్డాడు, అంతే. ఆ మాటే వాడితో అన్నాను.

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అయితే కాయ తొడిమలు తీయించమంటావా అక్కా?"

మేనకోడలు నన్ను కావలించుకుంది. ఇప్పుడు విమానంలో పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికల్లా అక్కడుంటారు, గదీ మంచమూ అన్నీ ఇక్కణ్ణుంచే చూసుకుంటారు, మంచిదే. కానీ వీడు కూడా నాన్నలాగే ఒక పూట ఆ వంటింట్లో కూర్చుని, ఎవరో ఒక అక్క చేతి అన్నం తిని రావాలని నా ఆశ. విమానంవాళ్ళు అన్ని మిరపకాయలు తీసుకెళ్ళనిస్తారో లేదో మరి.